ఎముక చెప్పేది, చెప్పనిది

వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఎలుగుబంటి ఏం తిని బతికిందో ఈరోజు తెలుసుకోవచ్చా? తెలుసుకోవచ్చు, దాని ఎముకలో చిన్న ముక్క దొరికితే చాలు. బడిలో ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు. కడుపులోది ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది కదా సార్, అంటారు. కడుపులోది పోయింది నిజమే. ఒంటికి పట్టింది మిగిలింది.

సంగతి ఇది. గాలిలో ఉన్న కార్బన్‌లో మామూలుదీ, కొంచెం బరువైనదీ రెండూ ఉంటాయి. బరువైనది నూటికి ఒక పాలు. అడవి చెట్లు, తీగలు, వరి ఆ బరువైనదాన్ని కొంత వదిలేసి తేలికదాన్ని ఎక్కువగా తీసుకుంటాయి. జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, ఎండకు ఓర్చే చాలా రకాల గడ్డి అంతగా వదలవు. అందుకని జొన్న తిన్న ఒంటికీ వరి తిన్న ఒంటికీ కార్బన్ లెక్క వేరుగా ఉంటుంది. నత్రజనిలోనూ ఇలాగే బరువైన రకం ఉంది. ఆకు తిన్న దుప్పిలో కంటే దుప్పిని తిన్న పులిలో అది ఎక్కువ. తినే మెట్టు పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. ఈ రెండు లెక్కలూ ఎముకలోని కొల్లాజెన్ అనే పదార్థంలో నిలిచిపోతాయి. మన ఎండలకు కొల్లాజెన్ తొందరగా చెడిపోతుంది కానీ, పంటి పైనుండే గట్టి ఎనామిల్‌లో కార్బన్ లెక్క ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది.

ఐరోపాలో గుహ ఎలుగు అని ఒక జాతి ఉండేది. పాతిక వేల ఏళ్ల కిందటి దాకా బతికి, ఆ తర్వాత లేకుండా పోయింది. దాని ఒడ్డూ పొడుగూ చూసి పెద్ద వేటజంతువు అనుకోవడం సులువు. ఎముకలు పరీక్షిస్తే చాలా గుహల్లో నత్రజని లెక్క దుప్పుల స్థాయిలోనే ఉంది, ఇంకా తక్కువ కూడా. అంటే అది ఆకూ దుంపా తిన్న జీవి. బెల్జియంలోని గోయే గుహ ఎముకల మీద 2016లో ఇంకా లోతైన పరీక్ష చేస్తే అక్కడా శాకాహారమే తేలింది. అయితే రొమేనియాలో 'ఎముకల గుహ' అనే అర్థం వచ్చే పేరున్న పెష్తెరా కు ఓసే దగ్గర కొన్ని ఎలుగుల్లో లెక్క బాగా ఎక్కువగా వచ్చింది. 2008లో ఆ ఫలితం బయటికి రాగానే వాదన మొదలైంది. మాంసం తిన్నాయని కొందరు అన్నారు. చలికాలం నెలల తరబడి పడుకునే జీవి తన ఒంట్లోని నత్రజనినే తిప్పి వాడుకుంటుంది, తల్లిపాలు తాగే పిల్లలో లెక్క ఎలాగూ పెరుగుతుంది, కాబట్టి తొందరపడొద్దని ఇంకొందరు అన్నారు. నాకు ఈ రెండోవాళ్ల నిదానం నచ్చింది.

మన గోదావరి గట్టుకు దూరమే అయినా, తెలుగు నేల మీద కూడా పాత ఎలుగు ఎముకలు దొరికాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. అక్కడి ఎముకలను పోల్చి చూసి 1886లో లిడెక్కర్ రాసిన జాబితాలో ఖడ్గమృగం ఉంది, పెద్ద అలుగు ఉంది, మనం ఎరిగిన ఎలుగుబంటీ ఉంది. కిన్నెరసాని అడవిలో ఇప్పటికీ తిరిగే జాతే అది.

ఆ జాతి ఏం తింటుందో మన ఊళ్లో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చెదపుట్ట తవ్వి మూతి పెట్టి పీలుస్తుంటే ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. పైవరసలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచే పీలుస్తుంది. తేనెపట్టు, తునికిపండు, నేరేడు, రేలకాయ, రేగు అన్నీ తింటుంది. ఇప్పపువ్వు రాలే నెలల్లో మన ఆడవాళ్లు తెల్లవారకముందే చెట్టు కిందికి పోతారు, ఎలుగూ ఆ వేళకే వస్తుంది. ఆ రోజుల్లో దెబ్బలు తిన్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు.

ఇప్పుడు ఇలాంటి ఎలుగు ఎముకలో బరువైన కార్బన్ ఎక్కువగా వచ్చిందనుకుందాం. మొక్కజొన్న చేలో పడి తిన్నదనొచ్చు, పంట దొంగ అని పేరూ పెట్టొచ్చు. కానీ గడ్డి తిని బతికే చెదలను తిన్నా ఆ లెక్క అలాగే పెరుగుతుంది. దొంగతనం, చెదల వేట ఎముకలో ఒకేలా కనిపిస్తాయి. ఆ రెంటినీ విడదీసి చెప్పగలిగింది అడవిలో తిరిగినవాడే. అలాగని ఊరి మాట ఒక్కటే చాలు అననను. పది వేల ఏళ్ల కిందటి ఎలుగును మన తాతలు కూడా చూడలేదు. అక్కడ ఎముకే సాక్షి. నా బాధ సాక్షితో కాదు, సాక్షి నోట లేని మాటను తీర్పుగా రాసేవాళ్లతో.

ఎందుకంటే ఈ లెక్కలు మనుషుల ఎముకలకూ వర్తిస్తాయి. తిండిని బట్టి మనిషిని తూచడం మనకు కొత్త కాదు. చీమల పచ్చడి తింటారని, దుంపలు తవ్వుకుంటారని పట్నం హాస్టళ్లలో మన పిల్లలు విన్న మాటలు టీచర్లకు తెలుసు.

కొండరెడ్లు కరువు నెలల్లో జీలుగు చెట్టు కొట్టి, మొదలులోని గుజ్జును పిండి చేసుకుని తినేవారు. జీలుగూ వరీ కార్బన్ లెక్కలో ఒక గుంపే. అంటే ఆకలికి జీలుగు పిండి తిన్నవాడూ, కడుపునిండా వరన్నం తిన్నవాడూ ఆ లెక్కలో ఒకటిగానే కనిపిస్తారు. జొన్న గటక తిన్న అవ్వకూ కోటా బియ్యం తింటున్న మనవరాలికీ మాత్రం పెద్ద తేడా వస్తుంది. ఆ తేడా చూసి వీళ్ల రుచి మారింది అని ఎవరైనా రాస్తే? పోడు పోయిన సంగతి ఎముకలో ఉండదు.

ఇంకో సంగతి విన్నప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. తిండి లేక ఒళ్లు తన కండనే కరిగించుకున్నప్పుడు కూడా బరువైన నత్రజని పెరుగుతుంది. 1840లలో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి పెద్ద కరువు వచ్చింది. కిల్కెన్నీ పట్టణంలో పేదలను ఉంచిన వర్క్‌హౌస్ దగ్గర సామూహిక సమాధులు దొరికాయి. అందులో ఉన్నవాళ్ల పళ్లను పొరపొరగా పరీక్షిస్తే, ముందు నత్రజని పెరిగి, తర్వాత కార్బన్ మారింది. మొదటిది ఆకలి. రెండోది సాయంగా పంచిన అమెరికా మొక్కజొన్న. కరువు చరిత్ర తెలుసు కాబట్టి సరిగా చదివారు. చరిత్ర తెలియని చోట, తన ఒంటిని తానే తిన్న మనిషిని మాంసం బాగా తిన్నవాడని రాసే ప్రమాదం ఉంది.

మనం కొత్తలు చేయకుండా కొత్త పంట ముట్టం. మామిడైనా, చిక్కుడైనా, కొర్రయినా ముందు దేవతకు పెట్టాలి, ఊరంతా కలిసి తినాలి. చెట్టు నిండా కాయ ఉండగా ఆగిన ఆ రోజులు ఏ ఎముకలోనూ కనబడవు.

పినపాక దగ్గర జానంపేటలో ఇనుప యుగపు రాతి సమాధులు ఉన్నాయి, జనం రాక్షస గుళ్లు అంటారు. అలాంటి చోట దొరికిన ఎముకను పరీక్షకు అడిగితే ఏమనాలి అని ఒక యువకుడు నన్ను అడిగాడు. ఇవ్వొచ్చనే నా మాట. తెలుసుకోవడం మనకూ కావాలి. కానీ ఎందుకు తీసుకుంటున్నారో ముందే ఊరికి చెప్పాలి, ఫలితం పుస్తకంలోకి ఎక్కకముందు ఊళ్లో చదివి వినిపించాలి. ఆ రోజు ముసలమ్మలు కూడా వచ్చి కూర్చోవాలి. కాగితంలో జొన్న ఎక్కువ అని ఉంటే, ఏ నెల జొన్న, ఎవరి చేనిది, కొత్త పెట్టకముందా తర్వాతా అని అడిగేది వాళ్లే.