మంచుదేశములో కరివేపమొక్క

మన బందరులో కరివేపమొక్కను బ్రదికించుటకు ఎవరును ప్రయాసపడరు. పెరటిలో ఒక చెట్టున్నచో దాని చుట్టు పిలకలు వాటంతట అవే లేచును. ఇంటి ఆడవారు పులిసిన మజ్జిగ మొదట పోసి అంతటితో మరచిపోవుదురు. ఈ చెట్టునే గుడివాడనుండియు అవనిగడ్డనుండియు వెళ్లిన మన పిల్లలు కెనడాలోని విన్నిపెగు వంటి పట్టణములలో తొట్టిలో పెట్టుకొని, ఇంటిలోపల పసిబిడ్డను సాకినట్లు సాకుచున్నారు. ఇది వివేకమా, వట్టి మమకారమా అని మా సంఘపెద్ద యొకాయన అడిగెను. "నాలుగు రెబ్బలు అక్కడి కొట్టులో దొరుకును గదా, అయ్యగారూ? అంత శ్రమ యెందుకు?" అడుగదగిన ప్రశ్నయే.

చదువరులారా, మొదట అక్కడి చలి యెట్టిదో తెలిసికొనుడి. మనకు చలి యనగా సంక్రాంతి ముందు తెల్లవారుజామున దుప్పటి కప్పుకొనుట. విన్నిపెగులో జనవరి రాత్రులు సున్నకు దిగువన 20 డిగ్రీలకు పోవుట వాడుకే. డిసెంబరు చివర సూర్యుడు ఉదయము ఎనిమిదిన్నరకు కనబడి సాయంత్రము నాలుగున్నరకే క్రుంకును. ఆ దినములలోనే మనకు పగలు 11 గంటలుండును. రాత్రి కారును కరెంటు తీగకు తగిలించి ఇంజనును వెచ్చగా నుంచనిచో ఉదయము కదలుట కష్టము. పనికి పోకముందు వాకిటి మంచును పారతో ఎత్తిపోయవలెను. ఇంటిలో వేడిగాలి తిరుగుచుండుటచే పెదవులు పగులును. సెప్టెంబరు చివరినుండి మే నెల చివరివరకు మంచు భయముండును గనుక, ఆ యెనిమిది నెలలును మొక్క కిటికీయొద్దనో విద్యుద్దీపము క్రిందనో ఉండవలసినదే.

అక్కడ అది యేమి చేయును? చాలమట్టుకు ఏమియు చేయదు. ఆకులు పండి రాలును. కొన్ని మొక్కలు వట్టి పుల్లవలె నిలుచును. కొట్టులో ఆకు దొరుకునన్న మాట నిజమే. కాని తానుగా బ్రదుకలేని చోటికి ఆ మొక్కను తెచ్చినదెవరు? తెచ్చినవాడే దానికి ఎండయు వానయు కావలెను. తెచ్చుకొనక ముందు లాభనష్టములు లెక్కించుకొనవచ్చును గాని, తెచ్చిన పిమ్మట ఆకు లేదని పారవేయుట న్యాయము కాదు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. కరివేపకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో కోనిగ్ అను వైద్యుని పేరు కలదు. ఆయన బాల్టిక్ ప్రాంతపు చలిలో పుట్టి, 1768లో తరంగంబాడిలోని డేనిషు మిషనుకు వైద్యుడై వచ్చి, 1785లో మన కాకినాడయొద్ద జగన్నాథపురములో కన్నుమూసెను. ఆయన చలిలోనుండి మన వేడికి వచ్చెను. ఆయన పేరుగల మొక్క మన వేడిలోనుండి చలికి పోయినది.

ఫలింపని అంజూరపు చెట్టుకు గడువడిగిన తోటమాలి కథ మనమెరిగినదే. ఆయనకు త్రవ్వుటకును ఎరువు వేయుటకును పని యుండెను. శీతకాలపు తొట్టియొద్ద ఆ పనియు లేదు. చలికంటె మన ఆత్రమే అక్కడ ఎక్కువ మొక్కలను చంపును. ఆకు రాలుట చూచి దాహమనుకొని దినదినము నీరు పోయుదురు. నిద్రించు వేరు ఆ నీటిని త్రాగలేక కుళ్లును. ఎరిగినవారు వ్రేలు మట్టిలోనికి దించి చూచెదరు. తడి యున్నచో చెంబును మరల పెట్టివేయుదురు. కొమ్మను గోటితో రవంత గీరెదరు. లోపల పచ్చగా నున్నచో అది బ్రదికియున్నది.

దివిసీమ తల్లి యొకతె కుమారునియొద్ద ఒక శీతకాలము గడిపి వచ్చెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కన్నులార చూచిన ఆమె మంచుకు జడియలేదు గాని కొడుకు మౌనమునకు జడిసెను. పని, చీకటి, మరల పని; ఇంటికి వచ్చి మాటలాడడు. ఇక్కడ నున్నప్పుడు దినమునకు మూడుమారులు ఫోను చేసి, తింటివా, ఎప్పుడు వత్తువు, పెండ్లి మాటేమి అని అడుగుచుండెడిది. "వాడు మొక్కదగ్గర మట్టి తాకి చూచి ఊరకుంటాడయ్యగారూ. నేను వాడిదగ్గర ఊరకుండలేకపోయాను" అని ఆమె నాతో చెప్పెను. గుడివాడ ప్రాంతములో ఇట్టి గృహములు ఎన్నియో నేనెరుగుదును. రాలిన ఆకులను లెక్కించి బిడ్డ చెడిపోయెనని తీర్పు చెప్పు తండ్రులును కలరు.

అయితే ఊరకుండుట యను పేరిట మరచిపోవువారును లేకపోలేదు. నెలల తరబడి ఫోను చేయక, వాని బ్రదుకు వాడే చూచుకొనునని చెప్పుకొందురు. ఇరువురి యిండ్లలోను చెంబు కదలదు. పొరుగువానికి భేదము తెలియదు. వ్రేలికి మట్టి అంటినదా లేదా అనుటయే భేదము. నీరు పోయనక్కరలేని దినమున కూడ చూడవలసియే యున్నది. నాకు తోచినంతవరకు ఈ చూపే కష్టమైనది. పని చేయుటకు అలవాటుపడిన చేతులకు అది పనివలె కనబడదు.

మే నెల చివర మంచు తీరినప్పుడును తొట్టిని ఒక్కసారిగా ఎండలో పెట్టరాదు. ఇంటిలో పుట్టిన లేతాకు సూర్యుని ఓర్వలేక మాడిపోవును. మొదటి దినము నీడపట్టున ఒక గంట, మరునాడు రెండు గంటలు, ఇట్లు వారము పది దినములు అలవాటు చేయవలెను. రాత్రులు ఇంకను చల్లగా నుండును గనుక, ప్రతి సాయంత్రము ఆ బరువైన తొట్టిని మరల లోపలికి మోసికొని రావలెను.