ముద్దుపేరు, పెద్దపేరు

నా పేరు చిన్నోడు. ఇంట్లో పిలిచే పేరనుకుంటారు చాలామంది. పదో తరగతి మార్కుల లిస్టులో, డిగ్రీ పట్టాలో, సర్వీసు రిజిస్టరులో ఉన్న పేరే అది. ముప్పై ఆరేళ్లొచ్చాయి. చెంపలు తెల్లబడుతున్నాయి. ఇద్దరు పిల్లల తండ్రిని. అయినా చిన్నోణ్ణే.

పోయిన వేసవిలో మా చెల్లెలు పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో పుట్టిన సర్టిఫికెట్ కోసం పేరడిగారు. "బుజ్జి అని రాయించన్నా" అంది. అది ఇంట్లో పిలుచుకోండి, కాయితం మీద మంచి పేరు రాయిద్దాం అన్నాను. "బుజ్జి మంచి పేరు కాదా?" అంది. వాళ్లాయన హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తాడు. "ఇప్పుడందరూ ఇట్టాంటి పొట్టి పేర్లే పెట్టుకుంటున్నారు బావా. పిలవడానికి ముద్దుగా ఉంటయ్" అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆఖరుకి చెల్లెలు ఒక మాటంది: "నీ పేరు చిన్నోడే గదన్నా. నువ్వు సారువి కాలేదా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచీ ఆ మాట నన్ను తొలుస్తానే ఉంది.

నాకీ పేరు ఎట్టా వచ్చిందో చెప్తాను. మాది ఒంగోలు వైపు పల్లె. క్లౌ దొర 1878 జులైలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన ప్రాంతం. మా తాత యేసోబు. నాకు పాస్టరుగారు పెట్టిన పేరు దావీదు. మా అయ్య ఒక ఆసామి దగ్గర జీతానికుండేవాడు. నన్ను బళ్లో వెయ్యడానికి పని ఎగ్గొట్టి తీసుకెళ్లాడు. హెడ్మాస్టరు పేరేందిరా అనడిగాడు. అయ్య నోట్లో దావీదు ఉంది. కానీ చర్చి పేరు రికార్డులోకి ఎక్కితే కులం సర్టిఫికెట్టు రాదని ఎవరో చెప్పి భయపెట్టారంట. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మా అయ్యకి ఉత్తర్వు సంగతి తెలీదు, భయం సంగతే తెలుసు. నీళ్లు నమిలి "ఇంట్లో చిన్నోడంటామయ్యా" అన్నాడు. హెడ్మాస్టరు చిన్నోడు అని రాసేశాడు. పుట్టిన తేదీ ఆయనే జూన్ ఒకటి వేశాడు.

మా వెనకాల ఆసామి కొడుకు నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఊరంతా పండు అంటారు. "నీ పేరేంటి బాబూ?" అంటే వాడూ పండు అనే చెప్పాడు. హెడ్మాస్టరు నవ్వి, "అది ముద్దుపేరు బాబూ, అసలు పేరు చెప్పు" అన్నాడు. వాళ్ల నాన్న చెప్పిన మూడు పదాల పేరు ఒక్క అక్షరం పోకుండా రాశాడు. ఈ ముచ్చట మా అయ్య చచ్చిపోయేదాకా చెప్పేవాడు. "మనల్ని రెండోసారి అడగలేదురా" అనేవాడు.

పదో తరగతి పరీక్షకి ఫారాలు నింపేటప్పుడు పేరు మార్చమని అడిగాను. రికార్డులో ఉన్నదే రాయాలన్నారు. డిగ్రీలో హాజరు పిలిస్తే నా పేరు దగ్గరికొచ్చేసరికి క్లాసంతా నవ్వేది. డీఎస్సీలో ఎంపికై సర్టిఫికెట్లు చూపిస్తుంటే బల్ల అవతలాయన, "ఇంట్లో పిలిచేది కాదయ్యా, అసలు పేరు చెప్పు" అన్నాడు. ఇరవై ఏళ్లు ఆలస్యంగా నన్ను రెండోసారి అడిగారు. "అసలు పేరు ఇదే సార్" అన్నాను.

ముద్దుపేరు అందరికీ ఒకటే కాదు. వెనకాల పెద్దపేరు ఉన్నవాడికి అది ముద్దు. ఇంటికొచ్చి చొక్కా విప్పినట్టు పెద్దపేరు విప్పి పండు అనిపించుకుంటాడు, పొద్దున్నే మళ్లీ తొడుక్కుంటాడు. మాకు తొడుక్కోవడానికి రెండోది లేదు. మా తాతకి అరవై ఏళ్లప్పుడు ఆసామి గారి పదేళ్ల పిల్లోడు "ఒరే యేసిగా" అని పిలిచేవాడు. తాత ఆ పిల్లోణ్ణి "చిన్నయ్యగారూ" అనేవాడు. చూడండి, 'చిన్న' రెండు చోట్లా ఉంది. అక్కడ దాని వెనక అయ్యగారు నిలబడ్డాడు. ఇక్కడ నేనొక్కణ్ణే నిలబడ్డాను.

ఇదేదో మా ఊళ్లో పుట్టిన అలవాటు కాదు. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకంలో బ్రాహ్మణుడి పేరులో శుభం, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం ధ్వనించాలని, శూద్రుడి పేరు ఏవగింపుగా ఉండాలని ఉంది. అవర్ణులం, మేం ఆ లెక్కలోకే రాం. అందుకే మనవాళ్ల పోరాటాల్లో పేరు ఎప్పుడూ చిన్న సంగతి కాలేదు. 1888లో పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డివర్మ అయ్యాడు. 1917లో బెజవాడలో ఆయన అధ్యక్షతన పంచమ సభ పేరుతో కూడినవాళ్లు ఆ పేరు కాదని ఆది ఆంధ్రులం అనుకున్నారు.

ఇదంతా చెల్లెలికి చెప్పాను. ఆమె కూడా చదువుకుంది. ఊరుకోలేదు. "మన నాయనమ్మ వాళ్ల పేర్లు చూడన్నా" అంది. నిజమే. పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోతుంటే, బతికిన బిడ్డని పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి పుల్లయ్య అన్నారు. తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేసి తవిటమ్మ అన్నారు. పై కులాల్లోనూ ఈ పేర్లున్నాయి, కాకపోతే వాళ్ల పుల్లయ్య పుల్లయ్యగారు. చావు కన్ను పడకూడదని పెట్టిన పేర్లవి. "మనోళ్లు భయంతో పేర్లు పెట్టారు. ముద్దొచ్చి పెట్టింది ఎప్పుడు? అమ్మ నెల బిడ్డని గట్టు మీద పడుకోబెట్టి నాట్లకి దిగింది. నిన్ను ముద్దు చేసే తీరిక ఎవరికుంది? నా బిడ్డని ముద్దుగా పిలుచుకోవాలని నాకుంది. అదీ తప్పేనా?"

తప్పు కాదు. ఇక్కడే నా వాదన తడబడింది. ముద్దు కూడా మనకి దక్కకుండా పోయిన వాటిల్లో ఒకటి. పైగా పెద్దపేరు పెట్టినంత మాత్రాన గౌరవం రాదు. మా బళ్లో మహారాజుల పేర్లున్న పిల్లలున్నారు. ఊళ్లోకి పోతే వాళ్ల పేర్ల చివర కూడా 'గాడు' తగులుకుంటానే ఉంది. బుజ్జి అనే కలెక్టర్ని చూసి ఎవడైనా నవ్వితే తప్పు నవ్వినవాడిది.

అయితే ఆ నవ్వుకి బదులు చెప్పాల్సింది ఎవరు? తల్లా, బిడ్డా? 1994లో ఈదుముడిలో దండోరా మొదలయ్యాక మావాళ్లు పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. తిట్టుగా వాడిన మాటని జెండా చేసుకున్నారు. నవ్వేవాళ్లుంటారని తెలిసే రాసుకున్నారు. వాళ్లు పెద్దవాళ్లు, తమకి తామే ఎంచుకున్నారు. పొత్తిళ్లలో బిడ్డ ఏదీ ఎంచుకోలేదు. మనం చెయ్యాలనుకున్న పోరాటానికి బిడ్డ పేరు ఫీజుగా కట్టే హక్కు మనకుందా? బిడ్డ బుజ్జిగా ఉండేది నాలుగైదేళ్లు. పేరు మొయ్యాల్సింది డెబ్బై ఏళ్లు. ఆ డెబ్బై ఏళ్ల మనిషి ఇంకా మనకి కనిపించదు. కనిపించని ఆ మనిషికి కూడా మనం బాకీ ఉన్నాం.

ప్రతి జూన్‌లో అడ్మిషన్ల రిజిస్టరు నా చేతికొస్తుంది. చిట్టి, బన్నీ, చిన్ని అని చెప్తే నేను కలం ఆపుతాను. "పెద్దయ్యాక కూడా ఇదే పేరు చాలా? ఇంకేదన్నా ఉందా?" అనడుగుతాను. కొందరు ఇంకో పేరు చెప్తారు. కొందరు రేపొస్తామంటారు. ఒకసారి కూలికి పోయే తల్లి ఒకామె, "చిట్టి అనే రాయి సారూ, అది మా అమ్మ పేరు. ఆమె కష్టంతోనే నేను బతికా" అంది. మాట్లాడకుండా రాశాను. అప్పుడు నాకొకటి తెలిసొచ్చింది. నాకు జరిగిన అన్యాయం చిన్నోడు అనే పేరులో లేదు. మా అయ్యని రెండోసారి అడక్కపోవడంలో ఉంది. ఇప్పుడు కలం నా చేతికొచ్చిందని, మంచి పేరేదో నేనే తేల్చేస్తే ఆ హెడ్మాస్టరుకీ నాకూ తేడా ఏముంది?

చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక సంగతి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించొచ్చు. పన్నెండు నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుం లేదు. తర్వాత ఆలస్య రుసుం కట్టి పదిహేనేళ్ల దాకా చేర్పించొచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడానికీ, ఇంకా చాలా వాటికీ ఆ సర్టిఫికెట్టే ఆధారం. కాబట్టి ఆసుపత్రి కౌంటరు దగ్గర తొందరపడి ఏదో ఒకటి చెప్పొద్దు. ఈ సంగతి మన పేటల్లో చెప్పండి.

గెజిట్‌లో ప్రకటన ఇచ్చి నేనూ పేరు మార్చుకోవచ్చు. రెండుసార్లు కాయితాలు రాసుకుని చించేశాను. చిన్నోడా అని ప్రేమగా పిలిచిన మా అయ్య ఇప్పుడు లేడు.

మా చెల్లెలు పేరు లేకుండానే నమోదు చేయించింది. పన్నెండు నెలలకి ఇంకా రెండు నెలలుంది. పేరు దగ్గర ఖాళీగా ఉంది. ఏం రాయించేదీ వాళ్లిష్టం. అడిగితే చెప్తానన్నాను. ఈలోగా ఇంట్లో అందరం బుజ్జి అనే పిలుస్తున్నాం. నేనూ అంతే.