ఒక స్టూలు సంగతి

అనకూడని మాట నోరు జారడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మా అమ్మ ఎన్ని తొడపాశాలు పెట్టినా పోలేదు. మొన్నామధ్య కూడా అదే జరిగింది.

నాగోల్‌లో మా వీధి చివరింటి అమ్మాయి మెడిసిన్ మూడో ఏడు చదువుతోంది. ఆరేళ్ళప్పుడు ఆటో బోల్తాపడి ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. కృత్రిమ కాలుతో నడుస్తుంది. తెలియనివాళ్ళు కాలు బెణికిందేమో అనుకుంటారు, అంతే. ఆ రోజు కరివేపాకు కోసం వాళ్ళింటికి వెళ్ళేసరికి పిల్ల అప్పుడే కాలేజీ నుంచి వచ్చి, ఆ కాలు తీసి పక్కన పెట్టుకుని కూర్చుంది. మోకాలి కింద ఒరుసుకుని ఎర్రగా కందిపోయి వుంది. వార్డులో ప్రొఫెసరుగారి వెంట మంచం మంచానికీ తిరుగుతూ మూడు గంటలు నిలబడాలట.

నాకు ప్రాణం చివుక్కుమంది. చివుక్కుమంటే ఊరుకోవచ్చుగా! "ఎందుకమ్మా ఈ అవస్థ? కూర్చుని చదువుకునే చదువేదైనా చూసుకోకపోయావా? రేపు నీ దగ్గరికి రోగులు రావద్దూ?" అనేశాను.

వాళ్ళమ్మ తల దించుకుంది. పిల్ల మాత్రం నవ్వి, "ఆంటీ, నేను స్టూల్ అడిగిన. మార్కులు అడగలే" అంది.

కరివేపాకు మరిచిపోయి వచ్చేశాను.

తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. పిల్ల కాలేజీలో రెండే కోరింది. రౌండ్స్‌లో కాస్సేపు కూర్చోవడానికి ఒక మడతస్టూలు, నాలుగో అంతస్తుకి వెళ్ళడానికి లిఫ్టు. "నీకిస్తే అందరూ అడుగుతారు" అన్నారట. "రేపు పేషంటు నీకు స్టూలు వేస్తాడా?" అని కూడా అన్నారట. వాళ్ళని నాలుగు తిడదామని నోరు తెరిచాను గానీ, నేనన్నది మాత్రం వేరేనా?

1985లో 'మయూరి' సినిమా వచ్చినప్పుడు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ కొంగు తడిసింది. ప్రమాదంలో కాలు పోయిన సుధాచంద్రన్, జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసి, తన కథలో తానే నటించింది. హాలంతా చప్పట్లు. అలాంటి కాలుతో ఆడితే చప్పట్లు కొట్టినదాన్ని, అలాంటి కాలుతో నాడి చూస్తానంటే వెనక్కి తగ్గాను. నాట్యానికైతే టికెట్టు డబ్బులిస్తే చాలు. వైద్యానికి మన ప్రాణం చేతిలో పెట్టాలి మరి.

అలాగని నా సందేహమంతా పాపిష్టిదని ఒప్పుకోను. మందు మోతాదు తప్పితే, ఇచ్చినవాళ్ళమీద జాలిపడినంత మాత్రాన రోగి బతకడు. పరీక్ష పరీక్షలాగే వుండాలి. మరి స్టూలు వేస్తే పరీక్ష తేలికైపోతుందా?

దీనికి జవాబు నాకు పుస్తకాల్లో కాదు, వంటింట్లో దొరికింది. మా అమ్మమ్మ జన్మంతా కూర్చునే వండింది. నేలపొయ్యి, ముందు పీట, పక్కన కత్తిపీట. పాతికమందికి వండినా లేచి నిలబడిన పాపాన పోలేదు. తర్వాత వంటగట్లు వచ్చాయి, మనమంతా నిలబడ్డాం. ఇప్పుడు మోకాళ్ళు అరిగి, గట్టు ముందు ఎత్తు స్టూలు వేసుకుంటే కోడళ్ళు "అయ్యో పాపం, అత్తయ్య కూర్చుని వండుతున్నారు" అంటారు! పులుసుకి నేను కూర్చున్నానో నిలబడ్డానో తెలుస్తుందా? చింతపండు సరిపోయిందా లేదా, అదే దాని గొడవ.

వంట వేరు, వైద్యం వేరు అంటారేమో. రాయవేలూరు ఆసుపత్రి పేరు తెలియని తెలుగిల్లు అరుదు. అక్కడ మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు వుండేది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద అంతా చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే, కుష్ఠు వల్ల వంకర్లు పోయిన చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత విదేశానికి వెళ్ళి, అవయవాలు దెబ్బతిన్నవాళ్ళని మళ్ళీ బతుకులో నిలబెట్టే వైద్యం నేర్చుకొచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నడిపింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె చేతుల్లో వేళ్ళు చక్కబడిన రోగుల్లో ఒక్కరైనా "నువ్వు నిలబడి కోయలేదు గనక నాకొద్దు" అన్నారా?

ఆ అమ్మాయిని చూశాక నేనూ కాస్త చదివాను. మన నిబంధనల తమాషా చూడండి. వైకల్యం నలభై శాతం వుంటేనే కోటాలో సీటు. మాట తడబడే వైకల్యానికైతే నలభై దాటితే అసలు ఎం.బి.బి.ఎస్.కే పనికిరారన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి! మహారాష్ట్ర కుర్రాడొకడు దీనిమీద సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. శాతం చూసి తోసిపుచ్చకూడదు, చదువు సాగించగలడా లేదా పరీక్షించి చెప్పాలని 2024 అక్టోబరులో కోర్టు తేల్చింది. డాక్టరు కావాలంటే రెండు చేతులూ చెక్కుచెదరకుండా వుండాలన్న షరతునీ 2025 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. 2016 చట్టం అంతకుముందే, తగిన సర్దుబాటు చేయకపోవడం వివక్షేనంది. కాగితం మీద వాళ్ళకి 'దివ్యాంగులు' అని పేరు కూడా పెట్టాం. దివ్యత్వం ఇచ్చినంత సులువుగా స్టూలు ఇవ్వలేకపోతున్నాం.

అందరూ అన్నీ చేయలేరు, నిజమే. గుండె ఆగినవాడి ఛాతీ మీద బలంగా నొక్కాల్సి వస్తే, చేతుల్లో సత్తువ లేనివాళ్ళు పక్కవాళ్ళచేత నొక్కించాలి. ఏం నొక్కాలో, ఎంతసేపో తెలిసి చెప్పడం కూడా వైద్యమే. చెవి సరిగా వినపడనివాళ్ళకి గుండె చప్పుడు పెద్దది చేసే స్టెతస్కోపులు వచ్చాయి. చప్పుడుని గీతల్లా తెరమీద చూపేవీ వున్నాయట. కంటి డాక్టరుని పురుడు పొయ్యమని మనం అడుగుతున్నామా? ఈ పిల్లని మాత్రం అన్నీ చేసి చూపించమంటాం.

మొన్న నాగోల్ మెట్రోలో లిఫ్టు కోసం నిలబడ్డాను. దానిమీద చక్రాలకుర్చీ బొమ్మ వుంది. అందులో ఎక్కిందెవరనుకున్నారు? మోకాళ్ళనొప్పులతో నేను, నెలలు నిండిన ఒక కోడలు, ఆమె అత్తగారు, బియ్యం మూటతో ఒకాయన. చక్రాలకుర్చీ ఒక్కటీ లేదు. "ఒకరికిస్తే అందరూ అడుగుతారు" అన్నారు కదా, అడిగితే వచ్చిన నష్టమేమిటో నాకు ఆ లిఫ్టులో తోచలేదు.

స్టూలు ఫైలు ఇంకా తిరుగుతూనే వుంది. వాళ్ళమ్మ ఉప్పల్లో మడతస్టూలు కొనిచ్చింది. స్నేహితురాళ్ళు వంతులేసుకుని మోస్తున్నారు. ఒక ప్రొఫెసరుగారు చూసీచూడనట్టు ఊరుకుంటారట. ఇంకొకరి వార్డులో తలుపు బయటే పెట్టాలట.

కరివేపాకు బాకీ వుంది కదా, నిన్న మళ్ళీ వెళ్ళాను. పిల్ల నా చేతికి పట్టీ చుట్టి బి.పి. చూసింది. రెండుసార్లు చూసింది. ఎప్పటి నుంచి వుంది, నిద్ర పడుతోందా, మా అమ్మకి వుండేదా అని తీరిగ్గా అడిగి రాసుకుంది. ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోమని, ఉప్పు తగ్గించమని, ఆవకాయ మానెయ్యమని చెప్పింది. మొదటి రెండూ విన్నాను. ఆవకాయ విషయంలో మాత్రం ఇంకో డాక్టరుని కూడా అడుగుదామనుకుంటున్నాను.