మానిన గాయం

తెలుగులో ‘మాను’ అనే క్రియకు రెండు అర్థాలున్నాయి. పుండు మానుతుంది, చదువు మానేస్తాం. నయం కావడానికీ ఆపేయడానికీ ఒకే మాట ఉండటం వల్ల కాబోలు, గాయం మానిందంటే అక్కడ జరగాల్సిన పని జరిగిపోయిందనీ, ఒళ్లు మునుపటిలా అయిపోయిందనీ అనుకుంటాం. కేస్ షీట్‌లో ‘గాయం మానింది’ అని రాసే నర్సింగ్ విద్యార్థి కూడా అలాగే అనుకుంటే రోగికి నష్టం. మానడం ఒక రోజున పూర్తయ్యే సంఘటనా, బతికున్నంత కాలం సాగే పనా? ఇది పాఠ్యపుస్తకం తేల్చే విషయంలా కనిపించినా నిజానికి తత్త్వానికి సంబంధించిన ప్రశ్న. సాగే పనే అని నేను నమ్ముతున్నాను.

ఇందుకు నాకు బలంగా కనిపించే సాక్ష్యం పద్దెనిమిదో శతాబ్దపు ముసలి సైనికుడొకరి ఒళ్లు. 1740లో జార్జ్ ఆన్సన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి బయల్దేరిన ఓడల్లో స్కర్వీ వందల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ యాత్ర గురించి ఓడలోని మతగురువు రిచర్డ్ వాల్టర్ పేరిట 1748లో వచ్చిన పుస్తకంలో ఓడెక్కిన ఒక ముసలి సైనికుడి ప్రస్తావన ఉంది. 1690లో ఐర్లండులో జరిగిన బాయిన్ యుద్ధంలో అతనికి గాయాలయ్యాయి, మానాయి. ఎన్నో ఏళ్లు హాయిగా తిరిగాడు. యాభై ఏళ్ల తర్వాత స్కర్వీ ముదిరేసరికి ఆ పాత గాయాలు ఎన్నడూ మాననట్టే మళ్లీ తెరుచుకున్నాయి. ఎప్పుడో అతుక్కున్న ఎముక కూడా అతుకు కరిగి విడిపోయింది. ఈ వింతకు కారణం ఇప్పుడు తెలుసు. మచ్చకు బలమిచ్చేది కొలాజెన్ అనే ప్రోటీన్. అది మూడు పోగులు పేనిన తాడులాంటిది. ఆ పేట గట్టిగా నిలవాలంటే విటమిన్ సి కావాలి; స్కర్వీ అంటే ఆ విటమిన్ లోపమే. మచ్చలో ఈ తాడు ఒకసారి పేని వదిలేసేది కాదు. పాతది తెగుతూ ఉంటుంది, ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొత్తది పేనుతూ ఉంటాయి. తెగడం సాగుతూ పేనడం ఆగితే యాభై ఏళ్ల మచ్చయినా మళ్లీ పుండే. అంటే ఆ యాభై ఏళ్లూ అతని గాయం ప్రతిరోజూ మానుతూనే ఉందన్నమాట.

పోనీ, గాయం లేని చోట శరీరం ఊరికే ఉంటుందా? పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది. ఎర్రరక్తకణం ఆయువు సుమారు 120 రోజులు. అసలు కణం తన ఆకారంలో తాను నిలవడమే శ్రమ: లోపలికి చొరబడే సోడియంను పంపులు ఎప్పటికప్పుడు బయటికి తోడాలి. ఆక్సిజన్ అందక ఆ పంపులు మూలబడితే సోడియం వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. అంతవరకూ వెనక్కి మళ్లే దారి ఉంది. గుండె కండరానికి రక్తం పూర్తిగా ఆగిపోతే ఆ దారి 20, 30 నిమిషాల్లో మూసుకుపోవడం మొదలవుతుంది. మైటోకాండ్రియా, కణం పైపొర బాగా చెడిపోయాక రక్తం తిరిగొచ్చినా ఆ కణం కోలుకోదు. మిళింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన దీపం ఇలాంటిదే. తెల్లవారుజామున వెలుగుతున్న మంట తొలిజాము మంటే అనలేం, వేరే మంట అనీ అనలేం. నూనె అందుతున్నంతసేపే దాన్ని మంట అంటాం.

కాలేయం సంగతేమిటని అడగవచ్చు. సగానికి పైగా కోసి తీసినా పెరుగుతుంది కదా, అది మునుపటిలా కావడం కాదా? బరువు తిరిగొస్తుంది, పనీ తిరిగొస్తుంది. కోసేసిన భాగం మాత్రం మళ్లీ మొలవదు, మిగిలిన భాగాలే పెరిగి ఆ లోటు పూడుస్తాయి. అంతకంటే లోతైన అభ్యంతరం ఇంకొకటుంది. దేహం విడిచేసే వస్త్రం లాంటిదని గీత చెబుతుంటే, మాసిపోయే బట్ట గురించి ఇంత విచారం దేనికని. ఆత్మ విషయంలో గీతతో నాకు తగవు లేదు. అయితే చిరిగిన బట్ట తనను తాను కుట్టుకోదు. శరీరం కుట్టుకుంటుంది. ఆ ఒక్క తేడా చాలు, దాన్ని చులకనగా చూడకుండా ఉండటానికి.

అంతా కణాలే చేసుకుంటే మంచం పక్కన నిలబడే మనిషికి పనేముంది? పదహారో శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోస్ పారే తాను కట్టు కట్టాననీ, మాన్పింది దేవుడనీ చెప్పుకున్నాడు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన నర్సింగ్ పుస్తకంలో ప్రకృతే మాన్పుతుందనీ, అందుకు వీలైన స్థితిలో రోగిని ఉంచడం నర్సు పని అనీ రాసింది. దేవుడన్నా ప్రకృతి అన్నా, మాన్పడం మన చేతిలో లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. కానీ ఆ పనికి అందాల్సిన సరుకూ, దాని మీద పడే బరువూ చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. బీపీ ఎక్కువగా ఉన్న మనిషి గుండె గోడ మందమవుతుంది. ‘ఒళ్లు అలవాటు పడింది’ అని ఇంట్లోవాళ్లు మందులు ఆపేస్తారు. గుండె ఓర్చుకుంటోంది, నిజమే. ఆ ఓర్పుకు ఒక హద్దుంది, దాటితే గుండె నీరసిస్తుంది. మంచం పట్టిన మనిషి నడుము కింద చర్మమూ అంతే, ఎవరో ఒకరు పక్క మార్చేదాకా ఓర్చుకుంటుంది. ఇక పత్యం. పప్పు తింటే చీము పడుతుందనీ, పులుపు తింటే పుండు మానదనీ ఆపరేషన్ అయిన మనిషికి కారప్పొడి అన్నమే పెట్టే ఇళ్లు మనకు కొత్త కాదు. ఆ జాగ్రత్త ప్రేమలోంచి వచ్చిందే. కానీ పప్పుతో పోయేది ప్రోటీన్, నిమ్మతో ఉసిరితో పోయేది విటమిన్ సి; తాడు పేనడానికి కావలసినవి సరిగ్గా ఆ రెండే. దీన్ని కసురుకోకుండా, వంట చేసే మనిషికి అర్థమయ్యేలా చెప్పడం కట్టు మార్చడమంత పని.

వారానికి కుట్లు విప్పినప్పుడు ఆ గీత వెంబడి చర్మానికి ఉండే బలం మామూలు చర్మంలో పదో వంతు. మూడు నెలలకు డెబ్బై, ఎనభై శాతం దాకా వస్తుంది. నూరు శాతం ఎన్నటికీ రాదు. పైకి పక్కు రాలి, గీత శుభ్రంగా, ఎర్రగా కనిపిస్తుంది. ఇంటికి వెళ్లి నీళ్ల బిందె ఎత్తడానికి వంగే మనిషికి అదంతా మానినట్టే ఉంటుంది. లోపల ఫైబ్రోబ్లాస్టులు ఇంకా పేనుతున్నాయి.