నాలుగో పేజీలో ఏనుగు

"మీ స్కూటర్ విలువ ఎంత?" అని ఇన్సూరెన్స్ కంపెనీ అమ్మాయి ఫోన్లో అడిగినప్పుడు నాకు వెంటనే జవాబు తట్టలేదు. కొన్న ధర చెప్పాలా, అమ్మితే వచ్చే ధర చెప్పాలా, లేక అది పోతే నాకు ఎన్నాళ్ళు అన్నం సయించదో అది చెప్పాలా? "మీరే చెప్పండి" అన్నాను. "మేం చెప్పకూడదు. మీరొక అంకె చెబితే ఒప్పుకోవాలో లేదో చూస్తాం" అంది. మా ఊళ్ళో కట్నం మాటలు ఇలాగే మొదలయ్యేవి.

సంగతేమిటంటే, ఆక్లండ్‌లో మా గరాజ్‌లో 1974 నాటి వెస్పా స్ప్రింట్ ఒకటి ఉంది. రెండేళ్ళ క్రితం హామిల్టన్ దగ్గర ఒక పెద్దాయన దగ్గర 7,200 డాలర్లకి కొన్నాను. నిజం చెప్పాలంటే వెస్పా మీద మోజుండి కొనలేదు, తెనాలిలో మా నాన్నగారి బజాజ్ చేతక్ మీద మోజుండి కొన్నాను. ఇటలీ పియాజియో వాళ్ళతో ఒప్పందం 1971లో ముగిశాక, మరుసటేడు బజాజ్ వాళ్ళు సొంత పేరుతో తెచ్చిన చేతక్‌కి ఈ స్ప్రింటే మూలం. నాన్నగారు 1979లో బుక్ చేస్తే 1986లో చేతికొచ్చింది. ఈలోగా నేను పుట్టి, పెరిగి, ఒకటో తరగతిలో చేరిపోయాను. ముందు నేను నిలబడేవాణ్ణి, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లి. డిక్కీలో రెక్సిన్ సంచి, అందులో ఆర్సీ బుక్కు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కాగితం. థర్డ్ పార్టీ అంటే కాంగ్రెస్, తెలుగుదేశం తర్వాత వచ్చే మూడో పార్టీ అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

సరే, ఈ స్కూటర్ విషయానికొద్దాం. కంపెనీ వెబ్‌సైట్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో కనబడిన ప్రీమియం ఏడాదికి 228 డాలర్లు. పాత బండికి మార్కెట్ ధర కట్టిస్తే అది పోయిన రోజున చేతికొచ్చేది వాళ్ళు తేల్చినంత. అలా కాకుండా ముందే ఒప్పుకున్న విలువ ఇవ్వాలంటే వాల్యూయర్ సర్టిఫికెట్ తేవాలి, దానికి 160. నెలనెలా కడితే ఏడాది మొత్తం 251 అవుతుంది. ఏదైనా జరిగితే మొదటి 500 నావే. ప్రీమియంలోనే 15 శాతం జీఎస్టీ, అగ్నిమాపక దళానికి వెళ్ళే లెవీ కలిసి ఉంటాయి. (ఇన్సూరెన్స్ చేయించుకోనివాడి ఇల్లు తగలబడినా ఫైరింజను వస్తుంది. రావాలి కూడా. కానీ దానికి డబ్బు ఎక్కువగా చేయించుకున్నవాళ్ళ జేబులోంచే వెళ్తుంది.) రాత్రిపూట తాళం వేసిన గరాజ్‌లో పెట్టాలి. ఏడాదికి 3,000 కిలోమీటర్లు దాటకూడదు. సరదాగా తిరగడానికే తప్ప ఆఫీసుకి వెళ్ళి రావడానికి వాడకూడదు.

ఇవన్నీ దాచారని నేననలేను. పాలసీలో అన్నీ ఉన్నాయి. కాకపోతే ఒక్కొక్కటీ నేను వెతకని చోట ఉన్నాయి.

మన దేశంలో చదివేవాళ్ళకి ఒకటి చెప్పాలి. న్యూజీలాండ్‌లో బండికి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. ఇది విని నాన్నగారు నమ్మలేదు. "మరి ఎవడన్నా గుద్దితే?" అన్నారు. నిజానికి 1928లోనే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌ని చట్టంతో తప్పనిసరి చేసిన దేశమిది. తర్వాత జడ్జి వుడ్‌హౌస్ కమిషన్ 1967లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని చూసుకోవలసింది సమాజం, తప్పెవరిదని కోర్టులో తేలేదాకా అతను ఆగక్కర్లేదు అన్నది దాని సారం. దాని ఫలితంగానే 1974లో ఏసీసీ మొదలైంది. ఒంటికి తగిలిన దెబ్బల ఖర్చు అది చూసుకుంటుంది, బదులుగా పరిహారం కోసం ఎదుటివాడి మీద దావా వేసే హక్కు వదులుకున్నాం. ఆ డబ్బు కొంత పెట్రోలు మీదా, కొంత బండి లైసెన్సు రుసుములోనూ వసూలవుతుంది. మోటార్ సైకిళ్ళకి ఈ లెవీ బాగా పెంచబోతున్నారని 2009 నవంబరులో వేలమంది బైకుల మీద వెల్లింగ్టన్ పార్లమెంటు ముందుకొచ్చారు. అయినా మరుసటేడు పెరిగింది. నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి నాకు రాయితీ ఉంది. అయితే లెవీ మనిషికి కాదు, బండికి. కారుకొకటి, స్కూటర్‌కొకటి కడుతున్నాను, నాకున్నది మాత్రం ఒక్క ఒళ్ళే!

ఒంటి సంగతి ఏసీసీ చూసుకుంటే, ఇక మిగిలింది ఎదుటివాడి కారు. దానికి ఇన్సూరెన్స్ చేయించుకోవడం నీ ఇష్టం, నీ మనస్సాక్షి అంటుంది ఈ దేశం. చట్టం బలవంతపెట్టని చోట చేయించుకున్నానని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ గర్వానికి తగని పని ఒకటి నేను చేశాను. పదేళ్ళ క్రితం వేరే ఇన్సూరెన్స్ కంపెనీ ఒకదానికి కాంట్రాక్టు మీద పనిచేశాను. ప్రీమియం లెక్క చూపించే తెరలు రాయడం నా పని. నెలవారీ చెల్లింపుకి పడే అదనపు రుసుము నాలుగో పేజీలోనే కనబడాలి అని వాళ్ళిచ్చిన కాగితంలో ఉంది. పేరు, పుట్టినరోజు, బండి నంబరు, అడ్రసు అన్నీ కొట్టి నాలుగో పేజీదాకా వచ్చినవాడు ఇరవై డాలర్ల కోసం వెనక్కి పోడు. అది వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు. "తర్వాత" అన్న బటన్ ఏ రంగులో ఉండాలన్నదాని మీద రెండు మీటింగులు జరిగాయి, రెండిట్లోనూ నేను గట్టిగా మాట్లాడాను. రుసుము మొదటి పేజీలో ఎందుకు లేదని మాత్రం ఒక్క మాటా అడగలేదు. గంటకి మంచి రేటు ఇచ్చేవారు మరి.

ఇన్సూరెన్స్ చట్టంలో ఒక పాత సూత్రం ఉంది. 1766లో లండన్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఒక తీర్పిచ్చాడు. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీ కోట ఒకటి ఉండేది. శత్రువులు పట్టుకుంటే నష్టం రాకుండా ఆ కోట గవర్నరు కార్టర్ ఇన్సూరెన్స్ చేయించుకున్నాడు. 1760లో ఫ్రెంచివాళ్ళు పట్టుకోనే పట్టుకున్నారు. కోట బలహీనంగా ఉందన్న సంగతి చెప్పలేదు, డబ్బివ్వను అన్నాడు ఇన్సూర్ చేసినాయన. గెలిచింది గవర్నరే. కానీ ఆ తీర్పులోని అసలు మాట వేరే ఉంది: ఒకరికే తెలిసిన ముఖ్యమైన సంగతిని ఆ ఒక్కరూ మనసులో పెట్టుకుని ఊరుకోకూడదు, ఈ నియమం ఇద్దరికీ వర్తిస్తుంది. తర్వాతి రెండున్నర శతాబ్దాల్లో ఆ "ఇద్దరికీ" అన్న మాట పల్చబడి, భారమంతా చేయించుకున్నవాడి నెత్తినే పడింది. ఇక్కడ దాన్ని తగ్గించడానికి 2024లో కొత్త చట్టం చేశారు, అమలుకి మూడేళ్ళదాకా గడువు పెట్టుకున్నారు. కంపెనీలు వినియోగదారులతో న్యాయంగా మెలగాలన్న నిబంధన ఇంకొకటి 2025 మార్చి 31 నుంచి వచ్చింది. మంచివే. అయితే చట్టం ఎంత రాసినా, అడగనిది చెప్పాలా వద్దా అన్న ప్రశ్న మనిషి దగ్గరికి ఒంటరిగానే వస్తుంది.

నా దగ్గరికి పోయిన జూలైలో, ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. ఆ రోజు రైళ్ళు లేవు, కారు మా ఆవిడ తీసుకెళ్ళింది. వాన వెలిసింది కదా అని స్కూటర్ మీద ఆఫీసుకి బయల్దేరాను. న్యూమార్కెట్‌లో మలుపు తిరుగుతుంటే రోడ్డు మీది తెల్లగీత దగ్గర వెనక చక్రం జారింది. పక్కన ఆగి ఉన్న పాత మాజ్డా డెమియో తలుపు ఈ చివర నుంచి ఆ చివరికి గీసుకుపోయింది. నాకు మోచెయ్యి దోక్కుపోయింది, స్కూటర్ ఇంజను పక్క డొప్ప లోపలికి నొక్కుకుపోయింది. కారు ఒకావిడది. పసిఫిక్ దీవుల మనిషి, యాభై దాటి ఉంటాయి. రాత్రంతా ఆఫీసులు తుడిచి, డ్యూటీ దిగి వస్తోంది. తలుపు చూసింది, నా మోచెయ్యి చూసింది. "నాకు ఇన్సూరెన్స్ లేదు. నీకుందా?" అనడిగింది. ఉందన్నాను. ఆవిడ మొహంలో కలవరం తగ్గింది.

ఆ మధ్యాహ్నం కంపెనీకి ఫోన్ చేశాను. ఎక్కడికి వెళ్తున్నారు అని అడిగారు. "న్యూమార్కెట్ వైపు" అన్నాను. అబద్ధం కాదు. "అయితే అలా తిరిగిరావడానికి బయల్దేరారన్నమాట" అంటూ అవతల టైపు చేస్తున్న చప్పుడు వినబడింది. నేను ఊరుకున్నాను. అంతే, నేను చేసిందల్లా ఊరుకోవడమే.

కురుక్షేత్రంలో ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాట గొంతు తగ్గించి అన్నాడట. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే రథం ఆ క్షణాన నేలకి దిగిందట. నా రథం ముందునుంచీ నేల మీదే ఉంది కాబట్టి దిగేదేమీ లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కలు వేసుకున్నాను. వాళ్ళు నాలుగో పేజీలో ఏనుగుని పెట్టారు, నేను ఫోన్లో పెట్టాను, చెల్లుకు చెల్లు. పైగా నిజం చెబితే ఆవిడకి డబ్బు రాదేమో! ఈ రెండో మాట నాకు చాలా నచ్చింది, నన్ను మంచివాణ్ణి చేస్తోంది కాబట్టి. కానీ అది నిలవలేదు. తప్పు నాది, కంపెనీ ఇవ్వకపోతే నేనివ్వాలి, ఇవ్వగలను కూడా. కాబట్టి ప్రశ్న ఆవిడ డబ్బు గురించి కాదు, నా 1,640 డాలర్ల గురించి. చెల్లుకు చెల్లు కూడా నిలవలేదు. ఆ పాత బళ్ళ ప్రీమియంలన్నీ కలిసే ఒక రాశి. అందులో హామిల్టన్ పెద్దాయన లాంటివాళ్ళు నిజంగానే ఆదివారాలు మాత్రం తిరిగి, ఆఫీసు ఊసెత్తకుండా, డబ్బు కడుతున్నారు. నేను గీసుకుపోయింది వాళ్ళని.

ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు చెప్పాను. ఆయన లెక్కల మాస్టారు, గట్టిగా మందలిస్తారనుకున్నాను. "ఆఫీసుకా అని వాళ్ళడిగారా?" అన్నారు. లేదన్నాను. "మరి నువ్వెందుకు చెప్పాలి?" అన్నారు. కాసేపటికి ఆయనే మళ్ళీ మాట్లాడారు. 1991లో చేతక్ పాలసీ రెన్యూవల్ నాలుగు రోజులు మర్చిపోయారట. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే మార్కెట్ దగ్గర ఒక రిక్షాని గుద్దారట. ఏజెంటు ఇంటికొచ్చి, కాఫీ తాగి, ముందు తేదీ వేసి కాగితం రాసిచ్చాడట. "పోలీసులకి ఆ కాగితం చూపించి వచ్చేశాను. ఆ రిక్షా అతని చెయ్యి ఏమైందో తర్వాత కనుక్కోలేదురా" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఈ సంగతి ఆయన నోట ఎప్పుడూ వినలేదు. "ఇదిగో, అమ్మ మాట్లాడుతుందట" అని ఫోన్ అమ్మకిచ్చేశారు.

సోమవారం కంపెనీకి మళ్ళీ ఫోన్ చేసి, ఆఫీసుకి వెళ్తున్నానని చెప్పాను. మర్యాదగానే విన్నారు. వారం తర్వాత ఉత్తరం వచ్చింది: పాలసీ షరతుకి విరుద్ధమైన వాడకం కాబట్టి నా స్కూటర్‌కీ ఇవ్వరు, ఆవిడ కారుకీ ఇవ్వరు. తలుపు బాగుచేసిన షెడ్డుకి నేనే డబ్బు కట్టి, ఆవిడని రమ్మన్నాను. "ఇన్సూరెన్స్ మంచిదే, నేనూ చేయించుకోవాలి" అంది తాళాలు తీసుకుంటూ. ఏమనాలో తెలియక మంచిదే అన్నాను.

మొన్న రెన్యూవల్ కాగితం వచ్చింది. వెబ్‌సైట్‌లోకి వెళ్ళి, వాడకం అన్నచోట "ఆఫీసుకి కూడా" అని మార్చాను. ప్రీమియం 319 అయింది. డొప్ప సొట్ట అలాగే ఉంది. నెలనెలా కడితే పడే రుసుము ఈసారైనా ముందు చెబుతారేమోనని పేజీలు తిప్పుతూ పోయాను. నాలుగో పేజీలో ఉంది.