కడగడానికి వెళ్లేముందు

అమ్ములూ,

రేపు టోర్నమెంటు నిర్వాహకులతో ఆటగాళ్ల సమావేశమట. వాళ్లను కడిగిపారేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. కడుగు. అంతకంటే ముందు కార్ల పందేల వాళ్ల సంగతులు కాసిని వినమంటున్నాడు మీ బాబాయి. ఫార్ములా వన్‌లో రేసుకు ముందు డ్రైవర్లనూ అధికారులనూ ఒక గదిలో కూర్చోబెట్టడం ఆనవాయితీ.

1989లో జపాన్‌లోని సుజుకాలో ఎయిర్టన్ సెన్నా, అలెన్ ప్రోస్ట్ కార్లు చికేన్ (వంకర మలుపుల) దగ్గర ఢీకొన్నాయి. సెన్నా పక్క దారిలోంచి మళ్లీ ట్రాక్ ఎక్కి ముందుగా గీత దాటాడు. చికేన్ తప్పించాడంటూ అతణ్ణి అనర్హుణ్ణి చేశారు. టైటిల్ ప్రోస్ట్‌కు పోయింది.

మరుసటి ఏడు అదే సుజుకా. రేసుకు ముందు సమావేశంలో మరో డ్రైవర్ నెల్సన్ పికే నోరు విప్పాడు. చికేన్ తప్పినవాడు కారు తిప్పుకుని ఎదురొచ్చే కార్ల మధ్యకు రావడం ప్రమాదం, పక్క దారినే ముందుకు పోనివ్వండి అన్నాడు. అధికారులు సరేనన్నారు. నిరుడు తన కొంప ముంచిన వ్యవహారం ఇంత తేలిగ్గా తేలిపోవడం చూసి సెన్నా లేచి వెళ్లిపోయాడు. పోల్ (అందరికంటే ముందు నిలబడే చోటు) సాధించినా తనను ట్రాక్‌కు దుమ్ము వైపు నిలబెట్టారన్న మంట ఒకటి ఉండనే ఉంది. రేసు మొదలై మొదటి మలుపు రాగానే ప్రోస్ట్ కారును గుద్దేశాడు. ఇద్దరూ అవుట్, టైటిల్ సెన్నాది. కావాలనే చేశానని 1991లో తనే చెప్పాడు. పికేకూ సెన్నాకూ పడదన్నది లోకానికంతా తెలుసు, అయినా సెన్నాకు పనికొచ్చే మాట ఆడింది పికేనే. ఎందుకు నెగ్గిందంటే, అతను అడిగింది ఇకమీదట ఏం చేద్దామని. రేపు నువ్వు పట్టుకెళ్లాల్సింది ఆ ప్రశ్నే. నీకు జరిగిన అన్యాయం దానికి సాక్ష్యంగా వస్తే చాలు.

ఐకమత్యం ఖరీదు కూడా తెలుసుకో. 1982 జనవరిలో దక్షిణాఫ్రికాలోని క్యాలమీలో, డ్రైవర్లను జట్లకు కట్టిపడేసే లైసెన్సు షరతుల మీద నికీ లౌడా, డిడియే పిరోనీ సమ్మె చేయించారు. దాదాపు అందరూ బస్సెక్కి హోటల్‌కు పోయి, రాత్రంతా ఒకే గదిలో పరుపులేసుకుని పడుకున్నారు. టేయో ఫాబీ ఒక్కడు మధ్యలో జారుకున్నాడు. తెల్లారి రాజీ కుదిరింది, రేసు జరిగింది. ఆ తర్వాత జరిమానాలూ పడ్డాయి!

2022 మార్చిలో సౌదీలోని జెద్దాలో, ట్రాక్‌కు దగ్గర్లోని అరామ్‌కో చమురు డిపో మీద దాడి జరిగిన రాత్రి, రేసు చేయాలా వద్దా అని డ్రైవర్లు నాలుగు గంటలకు పైగా వాదించుకున్నారు. ఆదివారం రేసు మాత్రం ఆగలేదు. అలాంటి రాత్రులూ ఉంటాయి.

ఇంకోటి, రూల్స్ పుస్తకం చదివి వెళ్లు. 2024 డిసెంబరులో న్యూయార్క్ ప్రపంచ ర్యాపిడ్ చెస్‌లో జీన్స్ వేసుకోకూడదన్న నియమం మీద గొడవతో మాగ్నస్ కార్ల్‌సన్ పోటీ వదిలేశాడు. ఆ దుస్తుల నియమం రాసింది క్రీడాకారులున్న కమిషనేనని ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే జవాబిచ్చింది. నియమం మంచిదా కాదా అన్నది వేరే వాదన. మీ ఆటగాళ్ల ప్రతినిధి సంతకం దేనిమీద ఉందో మాత్రం ముందే చూసుకో.

ఒప్పుకున్నవాటిని మినిట్స్‌లో రాయించి, కాపీ చేతికొచ్చాకే కుర్చీలోంచి లే.

మీ బాబాయి