మన పిల్లకు చాలని బడి

ఆదివాసీ టీచర్లం నలుగురం ఒకచోట కలిస్తే ముందు జీతాల మాట వస్తుంది, తర్వాత బదిలీల మాట. ఆ వెంటనే పిల్లల బడి మాట వస్తుంది. "మీ బాబు ఎక్కడ చదువుతున్నడు? ఉట్నూరుకు మారారా, ఆదిలాబాదుకా?" అని అడుగుతాం. "ఊళ్లోనే ఉన్నాం, మన బడిలోనే వేశాం" అని ఎవరైనా అంటే వాళ్లను వింతగా చూస్తాం. ఆ బడిలో పాఠం చెప్పేది మనమే అయినా అలాగే చూస్తాం. ఆ చూపు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

ముందు మా సంగతి చెబుతాం. మేం భార్యాభర్తలం, ఇద్దరం డి.ఎడ్. చేసినవాళ్లం. ఉట్నూరు ఏజెన్సీలో పక్కపక్క గూడేల్లోని ప్రాథమిక బడుల్లో పనిచేస్తున్నాం. మా పెద్దపాప రెండో తరగతి దాకా మా బడిలోనే చదివింది. మూడో తరగతికి వచ్చేసరికి మాకు భయం పట్టుకుంది. ఉట్నూరులో గది అద్దెకు తీసుకుని, పాపను ఒక ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలో వేశాం. పొద్దున బండి మీద గూడేనికి రావడం, సాయంత్రం బండి మీద వెళ్లిపోవడం అలవాటైంది.

అదే జూన్‌లో బడిబాట వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి "మీ పిల్లల్ని సర్కారు బడిలో వేయండి" అని చెప్పడం మా పని. ఒక ఇంటి ముందు మా మాటలన్నీ విని, ఒక తల్లి గోండిలో మెల్లగా అడిగింది: "దాదా, మీ పాప ఏ బడికి పోతున్నది?" ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. తెలుసుకుందామని అడిగింది. మేం ఏదో గొణిగి పక్క ఇంటికి వెళ్లాం. ఆ ఏడాది ఆమె కూడా తన బిడ్డను ఉట్నూరులోని చుట్టాలింట్లో పెట్టి చదివించింది. ఇంకో ఇద్దరు అదే దారి పట్టారు.

బడిలో పిల్లలు తగ్గితే ఏమవుతుందో టీచర్లకు చెప్పనక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. కానీ చిన్న గూడేల్లో పిల్లలు తగ్గగానే సర్దుబాటు పేరుతో ఒకర్ని వేరే బడికి పంపుతారు. మిగిలిన ఒక్కరు ఐదు తరగతులు చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, మీటింగులకు పోవాలి. చదువు ఇంకా సన్నగిల్లుతుంది. అది చూసి మరో రెండు కుటుంబాలు వెళ్లిపోతాయి. పోగలిగినవాళ్లు పోతారు. పోలేనివాళ్ల పిల్లలు ఆ బడిలో మిగులుతారు.

అలాగని ఊరు విడిచిన ప్రతి తల్లిదండ్రులనూ తప్పు పట్టవచ్చా? పట్టలేం. పిల్లకు బాల్యం ఒక్కసారే వస్తుంది. బడి బాగుపడేదాకా ఆగమని ఏడేళ్ల పిల్లకు చెప్పలేం కదా. హైదరాబాదులో ఉద్యోగులు మంచి బడి ఏ వీధిలో ఉంటే ఆ చుట్టుపక్కలే ఇల్లు వెతుక్కుంటారు. వాళ్లను ఎవరూ నిలదీయరు. ఆదివాసీ ఒక్కడే తన జాతి మొత్తాన్నీ భుజాన వేసుకుని బతకాలా? ఈ ప్రశ్న న్యాయమైనదే. పైగా మనలో చాలామందిమి మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకు పోయినవాళ్లం. మన అమ్మానాన్నలు ఎనిమిదేళ్ల పిల్లల్ని హాస్టలు గేటు దగ్గర వదిలి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లారు. చదువు కోసం ఊరు వదలడం మనతో మొదలైంది కాదు.

మరి మమ్మల్ని ఆ తల్లి మాట ఎందుకు అంతగా కుదిపింది? చాలా రోజులు ఆలోచించాం. మేం ఊరు వదిలినందుకు కాదు. మా పాపకు చాలదనుకున్న బడిని ఆమె పాపకు చాలునని ఇంటికి వెళ్లి మరీ చెప్పినందుకు. ఆ రెండు మాటలూ ఒకే నోట రాకూడదు.

మన చరిత్రలో దీనికి వ్యతిరేకమైన సంగతి ఒకటుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల స్థితిగతులు తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులకు టీచర్ల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేశారు. ఆ యువకులు మన గూడేల్లో మన భాషలో అక్షరాలు నేర్పారు. అప్పుడు పిల్లలు బడిని వెతుక్కుంటూ పోలేదు, బడే ఊరికి వచ్చింది.

మన కాలంలో కూడా అదే ఆశతో జీవో నం. 3 వచ్చింది. 2000లో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పుడు మనమంతా బాధపడ్డాం, ధర్నాలు చేశాం. మనం అప్పుడు చెప్పిన మాటలు గుర్తు చేసుకుందాం. "బయటి టీచర్లు ఊళ్లో ఉండరు. మన పిల్లల భాష వాళ్లకు రాదు. మనవాళ్లయితే మన పిల్లల మధ్యనే ఉంటారు" అన్నాం. ఆ మాట ఇప్పటికీ నిజమే. మొదటి తరగతి పిల్లకు 'నీరు' అంటే తెలియదు, 'యేర్' అంటే తెలుసు. 'ఊరు' అంటే తెల్లముఖం వేస్తుంది, 'నార్' అనగానే నవ్వుతుంది. ఆ నవ్వు మనకే అందుతుంది. కానీ నాలుగున్నర కాగానే బండి ఎక్కే గోండు టీచరుకూ, నాలుగున్నర కాగానే బస్సెక్కే బయటి టీచరుకూ తేడా ఏమిటని రేపు ఎవరైనా అడిగితే మన దగ్గర ఏం జవాబుంది?

మా చిన్నబాబు బడి వయసుకు వచ్చినప్పుడు మేం గది ఖాళీ చేసి గూడేనికి తిరిగి వచ్చాం. అప్పటికి పెద్దపాపకు ఐదో తరగతిలో గురుకులం సీటు వచ్చింది. బాబును మా బడిలోనే వేశాం. ఇది త్యాగమని చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి రాస్తున్నాం, అది సిగ్గుపడాల్సిన సంగతి. మా బాబు బడిలో కూర్చున్నాకే మరుగుదొడ్డికి తలుపు లేదని మాకు పట్టింది. వానకాలంలో రెండో గది మూల కారుతున్నదని పట్టింది. మూడో తరగతిలో సగం మంది వాచకం చూసి చదవడం లేదు, విని అప్పజెప్పుతున్నారని పట్టింది. ఇవన్నీ ముందునుంచీ ఉన్నాయి. మేం రోజూ వాటి పక్కనుంచే నడిచాం. మండలాఫీసుకు మూడుసార్లు తిరిగి తలుపు పెట్టించాం. సాయంత్రం ఒక గంట చదివించడం మొదలుపెట్టాం. మా బిడ్డ లేనంతకాలం ఆ మూడుసార్లు ఎందుకు తిరగలేదు?

అందుకే మేం అనుకునేది ఇది. ప్రతి టీచరూ తన బిడ్డను తన బడిలోనే వేయాలని రూలు పెట్టలేం. ఒక్కో ఇంటికి ఒక్కో కష్టం ఉంటుంది. జబ్బు పిల్లలుంటారు, ముసలి తల్లిదండ్రులుంటారు, భార్య ఒకచోట భర్త ఒకచోట పనిచేసేవాళ్లుంటారు. కానీ ఎక్కడ కాపురమున్నా ఒక ప్రశ్న మాత్రం తప్పించుకోకూడదు: ఈ బడి మా బిడ్డకు చాలుతుందా? చాలకపోతే ఏం తక్కువైందో కాగితం మీద రాయాలి. పక్కింటి పిల్లకు కూడా తక్కువైంది అదే. ఆ కాగితమే మన పనుల జాబితా కావాలి. తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లినప్పుడు బడి బంగారమని చెప్పకుండా, ఇది ఉంది, ఇది లేదు, దీని కోసం తిరుగుతున్నాం, మీరూ వెంట రండి అని చెప్పాలి.

మా లెక్క కూడా ఇంకా తేలలేదు. ఉట్నూరులో చదివే మా అన్నగారి పిల్లలు ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంటే మా బాబు పక్కన నిలబడి వింటాడు. వాడికి గోండి పూర్తిగా వచ్చు, తెలుగు బాగా చదువుతాడు, దండారిలో పెద్దల వెంట అడుగు వేస్తాడు. రేపు పెద్దవాడై "నన్నెందుకు అక్కడ వేయలేదు?" అని అడగవచ్చు. అడిగే హక్కు వాడికుంది.

ఆ తల్లి బిడ్డ మళ్లీ మా బడికి రాలేదు, రమ్మని మేమూ అడగలేదు. మొన్న జూన్‌లో బడిబాటకు వెళ్లినప్పుడు ఆమె మంచం వాల్చి కూర్చోమంది. "ఇప్పుడు మీ బాబు ఇక్కడేనా దాదా?" అంది. "ఇక్కడే" అన్నాం. ఈసారి పక్క ఇంటికి పారిపోలేదు. కూర్చుని చాయ్ తాగాం, బడిలో ఇంకా ఏం బాగాలేదో ఆమె చెబుతుంటే విన్నాం.